తక్కువ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: శ్రీకాకుళం, విజయనగరం వాసులు ఎలా ఎంచుకోవాలి?

“చేతిలో ఎనిమిది లక్షలున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొనాలనుంది, ఏది తీసుకోమంటారు?” శ్రీకాకుళం నుంచి, బొబ్బిలి నుంచి, పలాస నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవారిలో ఎక్కువమంది కొత్తగా ఉద్యోగంలో కుదురుకున్న యువకులు. నెలనెలా కూడబెట్టుకున్న డబ్బు అది. ఒక్క ముక్కలో ఏదో ఒక కారు పేరు చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఏ కారు కొనాలన్నది రెండో ప్రశ్న. అది చెడిపోతే ఎవరు, ఎక్కడ బాగుచేస్తారన్నది మొదటి ప్రశ్న. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవారికి ఇచ్చే సలహా మనకు పనికిరాదు. అక్కడ జర్మన్ కార్లు తెలిసిన మెకానిక్ పక్క వీధిలోనే దొరకవచ్చు. మనకు అలాంటి పని పడితే విశాఖపట్నం వెళ్లాలి. విజయనగరం నుంచైతే గంటన్నర ప్రయాణం. శ్రీకాకుళం నుంచైతే వంద కిలోమీటర్లు దాటుతుంది. ఇచ్ఛాపురం వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, కారును లారీ మీద ఎక్కించి పంపాల్సిన రోజు వస్తే ఆ బాడుగే భారమవుతుంది.

ఇంకొకటి. ఈ బడ్జెట్‌లో రెండు తలుపుల అసలు సిసలు స్పోర్ట్స్ కారు జోలికి వెళ్లకండి. పాత బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ లాంటివి అప్పుడప్పుడు ఆశపెట్టే ధరకు కనిపిస్తాయి. వాటి అమ్మకం ధర పడిపోయింది గానీ విడిభాగాల ధర పడిపోలేదు. ఇక్కడ మనం మాట్లాడుకునేది చిన్న ఒళ్లు, బలమైన ఇంజన్ ఉన్న కార్ల గురించి. మన రోడ్ల మీద నిజమైన ఆనందం ఇచ్చేవి కూడా అవే.

కావలసినవి

- డబ్బును మూడు భాగాలు చేసుకోండి. ఎనిమిది లక్షలుంటే కారుకు ఆరు, మొదటి ఏడాది మరమ్మతులకూ టైర్లకూ లక్షన్నర, బదిలీ ఖర్చులకూ బీమాకూ యాభై వేలు. మొత్తం ఎనిమిదీ కారు మీదే పెడితే కొన్న మూడో నెలలో కారు షెడ్డులో ఉంటుంది.
- ఫోనులో ఎంపరివాహన్ యాప్ (వాహనాల వివరాలు చూపే ప్రభుత్వ యాప్).
- ఓబీడీ స్కానర్. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివి బ్లూటూత్‌తో ఫోనులో చూపే చిన్న పరికరం, ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది.
- మంచి టార్చి, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి.
- అమ్మేవారితో ఏ సంబంధమూ లేని మెకానిక్. ఒకరోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. ఊరికే రమ్మంటే ఊరికే చూస్తాడు.
- కార్ల పిచ్చి లేని ఒక స్నేహితుడు లేదా ఇంట్లో పెద్దవారు. మీరు మనసు పారేసుకున్నప్పుడు “వద్దు” అనే మనిషి పక్కన ఉండాలి.

1. ముందు బాగుచేసేవారిని వెతకండి

మారుతీ, హ్యుందాయ్, టాటా వర్క్‌షాపులు రెండు జిల్లా కేంద్రాల్లోనూ ఉన్నాయి. మిగతా కంపెనీల కారైతే, చూడటానికి వెళ్లకముందే విశాఖలోని వర్క్‌షాపుకు ఫోను చేసి మూడు ధరలు అడగండి: క్లచ్ సెట్టు, టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసి బలం పెంచే పరికరం), ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు. భాగం ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా అడగండి. ఆ జవాబు విన్నాక కూడా కారు కావాలనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

2. నాలుగైదు మోడళ్లకు కుదించుకోండి

మారుతీ బాలెనో ఆర్ఎస్ 2017లో వచ్చింది. ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజన్, 102 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, వెనక చక్రాలకూ డిస్క్ బ్రేకులు. బాడీ భాగాలు చాలావరకు మామూలు బాలెనోవే కాబట్టి దొరకవన్న బెంగ తక్కువ. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపులో లోపం ఉండవచ్చని 2023 ఏప్రిల్‌లో కంపెనీ 7,213 ఆర్ఎస్ కార్లను వెనక్కి పిలిపించింది. ఛాసిస్ నంబరు చెప్పి, ఆ పంపు మార్చారో లేదో వర్క్‌షాపులోనే కనుక్కోండి.

టాటా టియాగో జేటీపీ 2018 చివర్లో వచ్చింది, 114 పీఎస్. తక్కువ కాలమే అమ్మారు కాబట్టి అరుదుగా దొరుకుతుంది. బంపర్లు, బానెట్ దానికే ప్రత్యేకం, అవి పగిలి ఉంటే ఆ కారు వదిలేయండి.

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చింది, 120 పీఎస్. మీ బడ్జెట్‌కు పై అంచులో ఉంటుంది. అందినట్లయితే, కారు ఒక్కటే ఉండి రోజూ దాన్నే వాడేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఫోక్స్‌వ్యాగన్ పోలో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దీని గురించే. 2013లో మొదలైన పోలో జీటీ టీఎస్ఐలో 1.2 లీటరు టర్బో ఇంజన్, 105 పీఎస్, రెండు క్లచ్‌లతో పనిచేసే ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉండేవి. తోలుతుంటే దిగబుద్ధి కాని కారు, ఆ మాట నేను కాదనను. కానీ అందులోని డ్రై క్లచ్ గేర్‌బాక్సు రద్దీలో పాకుతూ వెళ్లేటప్పుడు వేడెక్కి అరుగుతుంది. దాన్ని నడిపే మెకట్రానిక్ యూనిట్ పాడైతే ఖర్చు లక్ష దాటుతుంది, ఆ పని ఇక్కడ జరగదు. దానికి బదులు 2020 తర్వాతి 1.0 లీటరు టీఎస్ఐ మాన్యువల్ కోసం చూడండి. 110 పీఎస్, ఆరు గేర్లు. దాని మీద జీటీ అన్న అక్షరాలు ఉండవు, అందుకే చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో మన జిల్లాలకు తగిన పోలో అదే. పోలో ఉత్పత్తి 2022లో ఆగిపోయింది గానీ, ఆ ఇంజన్ కుటుంబం కంపెనీ కొత్త కార్లలో కొనసాగుతోంది.

ఫోర్డ్ ఫిగో 1.5 డీజిల్ 100 పీఎస్, 215 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే తేలికపాటి కారు. ధర తక్కువ. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు దీని ఊపు చూడాలి. కంపెనీ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది, కాబట్టి బాడీ భాగాల సంగతి ముందే ఆరా తీయండి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగండి.

ఫియట్ పుంటో అబార్త్ 2015లో వచ్చింది. 145 పీఎస్, నాలుగు డిస్క్ బ్రేకులు. ఈ ధరలో ఇంత బలం మరే చిన్న కారులోనూ దొరకదు. కానీ ఫియట్ కొత్త కార్ల అమ్మకం దేశంలో ఆగిపోయింది. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది పదిహేను రోజులు షెడ్డులో ఉన్నా పని ఆగదనుకునేవారే దీని వైపు చూడాలి.

పాత హోండా సివిక్, స్కోడా ఆక్టేవియా లాంటి పెద్ద కార్లు కూడా ఆకర్షిస్తాయి. రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లని మరచిపోకండి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

3. కాగితాలు ఇంటి దగ్గరే చూడండి

నంబరు తెలిస్తే చాలు, ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, బీమా ఎప్పటివరకు ఉంది, చలాన్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం అని ఒకప్పుడు నంబరు చూసి చెప్పగలిగేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ రావడంతో ఆ ఆనవాలు పోయింది. కారు ఏ ఊళ్లో తిరిగిందో సర్వీసు బిల్లులే చెప్పాలి.

బీమా పాలసీ కాగితం ఫొటో పంపమనండి. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతమో చూడండి. క్లెయిమ్ చేయకపోతే అది ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. “ఒక్క గీత కూడా పడలేదండీ” అంటున్న ఐదారేళ్ల నాటి కారుకు, ఒకే ఓనరు చేతిలో ఉండి బోనస్ సున్నాయో ఇరవయ్యో ఉంటే, ఈమధ్యే ఏదో క్లెయిమ్ జరిగి ఉండాలి. ఏం జరిగిందో అడగండి. మధ్యలో పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు పొడిగించకపోయినా బోనస్ పోతుంది, కాబట్టి వెంటనే మోసం అని తేల్చేయకండి. జవాబుకూ బిల్లులకూ పొంతన ఉందా అన్నదే ముఖ్యం.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి వచ్చే ఒడిశా నంబరు కార్లు, ఢిల్లీ నుంచి వచ్చే కార్లు చవకగా కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి చూసుకుంటే చవకతనం చాలాసార్లు మాయమవుతుంది. ఢిల్లీ ప్రాంతంలో పాత డీజిల్ కార్ల మీద ఆంక్షలున్నందువల్లే అవి ఇటు వస్తాయి.

4. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి చూడండి

“ఉదయం ఏడింటికి వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి” అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

స్టార్ట్ చేసేటప్పుడు మీ స్నేహితుణ్ణి సైలెన్సర్ వెనక నిలబెట్టండి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఆగకుండా తెల్లటి పొగ వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడండి. మీగడలాంటి పదార్థం ఉంటే నీరు కలుస్తోందేమో మెకానిక్‌తో తేల్చుకోండి.

5. నీట మునిగిన కారు కాదని తేల్చుకోండి

మన దగ్గర దీన్ని తేలికగా తీసుకోకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని ఎలా ఊపేశాయో మీకు తెలుసు. ఆ కార్లు కడిగి, పాలిష్ పెట్టి, చేతులు మారి ఇప్పటికీ తిరుగుతున్నాయి. చెన్నై వరదల్లో తడిసినవి కూడా ఇక్కడికి వస్తాయి.

డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీయండి. ఆ గుంత అడుగున టార్చి వేయండి. మధ్యలో స్టెప్నీని బిగించే బోల్టు చుట్టూ, రేకు అతుకుల వెంట సన్నటి ఎండు బురద గీత కనిపిస్తుందేమో చూడండి. కడిగినవాళ్లు పైపైన కడుగుతారు గానీ ఆ అతుకు పూసిన సీలెంట్ అంచులో ఇరుక్కున్న మట్టిని గోటితో గీరి తీయరు. మీరు గీరండి. తర్వాత ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ బయటకు వచ్చే భాగం ఒక రంగులో, ఎప్పుడూ లోపలే ఉండే భాగం మట్టి మరకతో ఉంటే సంగతి తేలిపోయినట్లే. సీటు కింది పట్టాల తుప్పు, ఫ్యూజు డబ్బాలో పచ్చటి పొడి, వెంటనే పట్టుకోవాల్సిన మరో రెండు గుర్తులు.

ఇందులో ఏ ఒక్కటి కనిపించినా బేరం వద్దు. ధర ఎంత తగ్గించినా వద్దు.

6. బాడీ, అడుగుభాగం

పగటి వెలుగులోనే చూడండి. బానెట్, ఫెండర్ల బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే వాటిని విప్పారని అర్థం. అయస్కాంతం అంటుకోని చోట కింద పుట్టీ ఉండవచ్చు, అయితే బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి అక్కడ ఎలాగూ అంటదు. అద్దాల మీద ముద్రించిన తయారీ సంవత్సరాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా చూడండి. టింకరింగ్ జరగడమే తప్పు కాదు. బంపరు రాసుకుపోతే పెయింట్ వేస్తారు, అది మామూలే. ఛాసిస్ ముందు కడ్డీలు వంచి సరిచేసిన ఆనవాళ్లుంటే మాత్రం లేచి వచ్చేయండి.

కళింగపట్నం, భావనపాడు, భీమిలి వైపు తిరిగిన కార్లకు ఉప్పుగాలి తగిలి ఉంటుంది. దుప్పటి పరుచుకుని కిందికి దూరండి. సైలెన్సర్ పైపు మీద పైపై తుప్పు సహజం. సబ్‌ఫ్రేమ్, బ్రేకు పైపుల మీద పొరలు పొరలుగా ఊడే తుప్పు ప్రమాదం.

7. తోలి చూడండి, మూడు రకాల దారుల్లో

మొదట రద్దీ. విజయనగరంలో గంటస్తంభం పరిసరాలు, శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ సాయంత్రం వేళ ఇందుకు సరిగ్గా సరిపోతాయి. ఆటోమేటిక్ అయితే మొదటి, రెండో గేర్ల మధ్య వణుకు, కుదుపు ఉన్నాయా గమనించండి. ఇంజన్ వేడెక్కాక, కనీసం ఇరవై నిమిషాల తర్వాత కూడా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా నడిచే గేర్‌బాక్సు వేడెక్కాకే తన రోగం చెప్పుకుంటుంది.

తర్వాత హైవే. మాన్యువల్ కారుకు క్లచ్ పరీక్ష ఇలా చేయండి: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. మీటరులో ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా లేచి, వేగం మాత్రం నెమ్మదిగా పెరిగితే క్లచ్ జారుతోంది. టర్బో బాగుంటే తోపు ఒక క్రమంలో వస్తుంది. ఊపు మధ్యలో తెగిపోయినా, సైరన్‌లాంటి అరుపు వినిపించినా మెకానిక్ ఇంటర్‌కూలర్ పైపు విప్పి ఆయిల్ చూడాలి. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ వణికితే డిస్కులు వంగాయి, ఒక పక్కకు లాగితే కాలిపర్‌లోనో అలైన్‌మెంట్‌లోనో లోపం. హైవే మీద బోర్డులు చెప్పిన వేగం దాటకండి. 145 పీఎస్ కారైనా దాని ఆరోగ్యం 80లో తెలిసిపోతుంది.

చివరగా మీ ఊరి రోడ్డు. నలుగురిని ఎక్కించుకుని మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీదుగా వెళ్లండి. అడుగు గీసుకుంటే, కొన్న తర్వాత రోజూ గీసుకుంటుంది. టకటకమనే శబ్దం వస్తే లింకులో, బుష్‌లో, షాక్ అబ్జార్బర్లో పోయాయి. అవి మార్చవచ్చు గానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాలి.

8. మార్పులు చేశారేమో పట్టుకోండి

ఇలాంటి కార్లలో ఇదే అసలు చిక్కు. ఎక్కువ శక్తి కోసం ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్‌ను మార్పించి, అంటే రీమ్యాప్ చేయించి, రెండేళ్లు దంచి, అమ్మే ముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తారు. సూటిగా అడగండి. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, బ్లోఆఫ్ వాల్వ్ కంపెనీవేనా చూడండి. స్ప్రింగులు కోసి కిందికి దించిన కారు వద్దే వద్దు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

ఓబీడీ స్కానర్ తగిలించి తప్పు కోడ్లు ఉన్నాయా చూడండి. కోడ్లు ఏమీ లేకపోయినా సంబరపడవద్దు. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు అనే పేజీ ఉంటుంది, కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అది చూపిస్తుంది. అందులో చాలా అంశాలు “పూర్తి కాలేదు” అని చూపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ విప్పారు. అలాంటప్పుడు రెండు మూడు రోజులు నడిపాక మళ్లీ చూస్తానని చెప్పండి.

మీటరు రీడింగ్‌ను ఒంటరిగా నమ్మకండి. సర్వీసు బిల్లుల మీది కిలోమీటర్లు, పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవరు సీటు అంచు ఒకే కథ చెప్పాలి. టైరు మీది చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటిన టైర్లుంటే కొత్త సెట్టు ఖర్చు రాసుకోండి.

9. ధర మాట్లాడటం

లోపాలన్నీ కాగితం మీద రాసి, పక్కన మెకానిక్ చెప్పిన ఖర్చులు వేసి, ఆ కాగితం చూపించి మాట్లాడండి. అలాయ్ చక్రాలకు, సౌండ్ సిస్టమ్‌కు అదనంగా ఇవ్వకండి. టోకెన్ అడ్వాన్స్ ఇస్తే, ఏ కారణాలకు తిరిగి ఇస్తారో రాయించుకోండి. ఇంజన్ 1500 సీసీ దాటితే థర్డ్ పార్టీ బీమా ప్రీమియం దాని కింది శ్లాబు కన్నా రెట్టింపుకు పైగా ఉంటుంది, ఆ లెక్కా వేసుకోండి.

10. పేరు మార్పు

ఫారం 29, 30 మీద సంతకాలు, ఇతర రాష్ట్రం కారైతే ఫారం 28, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతో ఫారం 35. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. కారు అందుకున్న తేదీ, సమయం రాసిన డెలివరీ నోటు ఇద్దరి దగ్గరా ఉండాలి. కొన్న 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి, బీమా మార్పుకు 14 రోజులే గడువు. రెండు తాళాలూ తీసుకోండి. పాత ఓనరు ఫాస్టాగ్ తీయించి మీ పేరున కొత్తది పెట్టించుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

శబ్దం విని కొనేయడం అన్నిటికన్నా పెద్దది. మార్చిన సైలెన్సర్ హోరులో ఇంజన్ లోపాలు వినిపించవు. రాత్రిపూట, వానలో కారు చూడటం ఇంకొకటి. తడి ఒంటి మీద పాత పెయింటూ కొత్త పెయింటూ ఒకేలా మెరుస్తాయి. అమ్మేవారు చెప్పిన మెకానిక్‌కే చూపించడం, “ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు” అన్న మాటకు కంగారుపడి అడ్వాన్స్ ఇచ్చేయడం కూడా తరచూ చూస్తున్నాం. ఆర్సీ పాత ఓనరు పేరునే ఉంచి తిప్పుతున్నవారు కొందరున్నారు. అది అమ్మినవారికీ, కొన్నవారికీ ఇద్దరికీ చేటు.

కొన్నాక సరిచూసుకోవడం

ఇంటికి తెచ్చిన వారంలోపే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ఆయిల్, కూలెంట్ మార్పించండి. పాత ఓనరు నిన్ననే మార్చానన్నా సరే మార్పించండి. పెట్రోలు ట్యాంకు మూత లోపల ఇంధనం గురించి రాసిన స్టిక్కర్ చదవండి. 2023కు ముందటి కార్లలో చాలావాటిని ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కోసం రూపొందించలేదు, కాబట్టి ఇంధన పైపుల్లో పగుళ్లు, తడి ఉన్నాయేమో ప్రతి సర్వీసులో చూడమనండి.

ఆయిల్ మార్చిన రోజున డిప్‌స్టిక్ మీద మట్టం ఎక్కడుందో ఫొటో తీసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, తెల్లవారగానే, సమతలంగా ఉన్న చోట మళ్లీ చూడండి. కాస్త తగ్గితే టర్బో ఇంజన్‌కు మామూలే. పై గీత నుంచి కింది గీతకు పడిపోయిందంటే పైన పోసి ఊరుకోకండి. నింపే ముందే మెకానిక్‌కు చూపించి, టర్బో సీలు కారుతోందా, పిస్టన్ రింగులు అరిగాయా తేల్చుకోండి.